మొరంబాటపై నాలుగు దినములు

దారులు రెండు విధములు. కొన్ని దారులు మనలను త్వరగా ఊరు చేర్చును. కొన్ని దారులు ఊరు చేరులోపల దేశమును చూపును. తారుబాట మొదటి జాతిది. మొరంబాట రెండవ జాతిది. వరంగల్లు ప్రాంతమున పుట్టి పెరిగినవారికి మొరమనగా నేమో చెప్పనక్కరలేదు. ఈ నేలపై ఎటు చూచినను రాతిగుట్టలు కానవచ్చును. ఎండకును వానకును ఆ రాయి వేలకొలది యేండ్లుగా చితికి, గరుకైన ఎఱ్ఱని మన్నుగా మారుచున్నది. అదియే మొరము. ఊరినుండి ఊరికి, చెరువుకట్టనుండి చేనికి పోవు బాటలపై దానినే పఱచుదురు.

ఇట్టి బాటలపై సైకిలు త్రొక్కుట నేడు ప్రపంచమున ఒక గొప్ప క్రీడగా ఎన్నబడుచున్నది. ఇంగ్లండులో 1955లోనే, రాళ్లబాటలపై సైకిలు యాత్రలు చేయువారు ఒక సంఘముగా నేర్పడిరి. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున, ఫ్లింట్ హిల్స్ అను కొండలనడుమ, 2006లో 200 మైళ్ల పందెము ఆరంభమయ్యెను. 2022లో ఇటలీ దేశమున ఈ క్రీడకు మొదటి ప్రపంచపు పోటీలు జరిగెను. కాని మన పల్లెలలో ఉత్తరములు తెచ్చువాడు, పాలు పోయువాడు, పొరుగూరి బడికి పోవు పిల్లలు ఈ పనిని ఏనాటినుండియో చేయుచున్నారు. వారు దానికొక పేరు పెట్టలేదు, అంతియే భేదము.

ఒక దసరా సెలవులలో నేనును, పదవ తరగతి చదువుచున్న నా మేనల్లుడును సైకిళ్లపై ఇట్టి యాత్రకు బయలుదేరితిమి. మొదటి దినము హనుమకొండనుండి ములుగుమీదుగా పాలంపేటలోని రామప్పగుడి. రెండవ దినము లక్నవరము. మూడవ దినము నర్సంపేట. నాలుగవ దినము పాకాల చూచుకొని తిరిగి వరంగల్లు. వీలైనంతవరకు పెద్దదారిని విడిచి, పల్లెల మొరంబాటలను పట్టుకొని పోవలెనని మా సంకల్పము.

బయలుదేరుటకు ముందు టైర్లలోని గాలిని కొంచెము తగ్గించితిని. అది చూచి మేనల్లుడు, “మామా! గాలి గట్టిగా నున్నప్పుడు గదా బండి తేలికగా సాగును?” అని అడిగెను.

“తారుబాటపై నీ మాట నిజమే. మొరముపై గట్టి టైరు ప్రతి రాతిమీదను ఎగిరిపడును. కొంచెము మెత్తనైన టైరు రాతిని పొదువుకొని నేలను విడువదు. మరీ మెత్తనైనచో రాతికిని చక్రపుటంచుకును నడుమ ట్యూబు నలిగి చిల్లి పడును. ఆ రెంటికి నడుమ నున్నదే సరియైన గాలి” అని చెప్పితిని. 1888లో డన్లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టమును తొడిగి, గాలిటైరునకు పేటెంటు పొందిన సంగతియు చెప్పితిని. వాడు టైరును బొటనవ్రేలితో అదిమి చూచి తృప్తిపడెను.

కటాక్షపురము చెరువు దాటితిమి. ములుగు దాటితిమి. జంగాలపల్లి దాటి పాలంపేట వైపు తిరుగుసరికి, తూర్పున గుట్టలపై మబ్బు కమ్ముకొని యుండెను. మాపై ఒక్క చినుకైనను రాలలేదు. అయినను కొంతదూరము పోవుసరికి ఒక చిన్నవాగు ఎఱ్ఱగా పొంగి, లోతట్టు వంతెనపైనుండి ప్రవహించుచుండెను. గుట్టలపై కురిసిన వాన మాకంటె ముందుగా అచటికి చేరినది.

ఆవలిగట్టు పిలిచినంత దూరమున నున్నది. ప్రొద్దు క్రుంకుచున్నది. చుట్టుదారిన పోయినచో చీకటి పడును. మేనల్లుడు, “నీరు మోకాలిలోతే మామా! సైకిళ్లు భుజమున వేసికొని దాటుదము” అనెను. అంతలో గొఱ్ఱెల మందతో నిలిచియున్న ఒక వృద్ధుడు చేయెత్తి, “ఆగుండ్రి బిడ్డా! పైన కనవడే నీళ్లు మోకాలంతనే. కింద బాట ఉన్నదో లేదో ఎవరికెరుక?” అనెను.

ఆ మాటకు మేము నిలిచితిమి. వెనుకటి పల్లెకు మరలి, ఒక యింటి అరుగుపై ఆ రాత్రి గడపితిమి. ఆ యింటివారు జొన్నరొట్టెయు, పచ్చిపులుసును పెట్టిరి. ఆ యూరివారికి వాగుపై గల భయము వట్టిది కాదు. 2023 జూలై నెల 27వ తేదీన ఉదయము ముగిసిన 24 గంటలలో, ఆ ప్రాంతమునందలి లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసెను. ఆ దినముననే మోరంచవాగు పొంగి మోరంచపల్లెను ముంచెత్తెను. ప్రజలు ఇండ్లకప్పుల పైకెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. కొందరు వరదలో కొట్టుకొనిపోయిరి.

తెల్లవారుసరికి మా వాగు చీలమండలోతునకు దిగెను. అప్పుడు చూచితిమి. వంతెన చివర, అది బాటతో కలియుచోట, మొరమంతయు కరిగిపోయి పెద్ద గుంట పడియుండెను. మేనల్లుడు ఒక కఱ్ఱ తెచ్చి అందులో నిలిపెను. అది వాని నడుమువరకు వచ్చెను. వాడేమియు మాటలాడలేదు. సైకిలు నెత్తుకొని, గుంట ప్రక్కగా మెల్లగా దాటెను.

రామప్పగుడిని కాకతీయ గణపతిదేవుని సేనాని యైన రేచర్ల రుద్రుడు 1213లో కట్టించెను. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చెను. గుడి శిఖరమునకు నీటిపై తేలునంత తేలికయైన ఇటుకలు వాడిరి. పునాదిలో ఇసుక నింపిరి. నేల కదలినను ఇసుక ఆ కదలికను తనలో అణచుకొనునని వారి యెఱుక. గుడికి చేరువనే గొప్ప చెరువు కలదు. ఊరు, గుడి, చెరువు, ఈ మూడింటిని కూర్చి కట్టుట కాకతీయులనాటి పద్ధతి. ముందునాటి వాగును చూచిన మాకు ఆ చెరువుకట్టపై నిలిచినప్పుడు దాని విలువ తెలిసెను. ఊళ్లను ముంచగల నీటిని వారు పట్టి నిలిపి, తూములగుండ పొలములకు పంపిరి.

లక్నవరమునందును అదే నేర్పు కానవచ్చును. గుట్టలనడుమ నున్న మూడు ఇరుకు లోయలను చిన్నకట్టలతో మూసిరి. తక్కిన గోడలన్నియు గుట్టలే. అచటి ఎగుడుదారిలో సైకిళ్లను నడిపించుకొని పోయితిమి. దిగుడున ముందుబ్రేకు ఒక్కసారిగా పట్టరాదనియు, రెండు బ్రేకులను కొద్దికొద్దిగా పట్టుచు శరీరమును వెనుకకు వాల్చవలెననియు మేనల్లునికి చెప్పితిని. గుండ్రని రాళ్లు టైరుక్రింద పూసలవలె దొరలును. తొందరపడువానిని అవి క్రింద పడవేయును.

మల్లంపల్లినుండి నర్సంపేటకు, నర్సంపేటనుండి పాకాలకు పోయితిమి. పాకాల చెరువు గణపతిదేవుని కాలమున జగదాళ ముమ్మడి కట్టించినది. చుట్టును 1952లో ఏర్పడిన అభయారణ్యము. అడవిలోని బాటలపై పోవుటకు అటవీశాఖవారి అనుమతి అవసరము గాన, మేము కట్టవరకే పోయి ఆగితిమి. అచట మేనల్లుడు, “ఈ నీరు ఎచటికి పోవును మామా?” అని అడిగెను.

రామప్ప, లక్నవరముల నీరు గోదావరికి పోవును. పాకాల నీరు మున్నేటిలో కలిసి కృష్ణకు పోవును. అనగా ఈ రెండు మహానదుల సరిహద్దును మేము దారిలో ఎక్కడనో దాటితిమి. అచట రాయి లేదు, బోర్డు లేదు. ఒక గట్టున కురిసిన చినుకు గోదావరిని చేరును. దానికి మూరెడు దూరమున పడిన చినుకు కృష్ణను చేరును. మోటారుబండిలో పోవువారికి ఆ ఎత్తు తెలియదు. సైకిలు త్రొక్కువాని మోకాళ్లకు మాత్రము అది తెలియును.

విద్యార్థులారా! మీ ఊరి చెరువు మత్తడి దూకిన నీరు ఏ వాగులో కలియునో, ఆ వాగు ఏ నదిని చేరునో మీకు తెలియునా? పుస్తకమున చదివి తెలిసికొనవచ్చును. ఒక సెలవుదినమున, పెద్దలకు చెప్పి, తోడొకరిని వెంటబెట్టుకొని, సైకిలుపై ఆ నీటివెంబడి పోయి చూచినచో మరువనిరీతిగ తెలియును. ఒక పంపును, పంక్చరు సామానును, త్రాగునీటిని వెంట నుంచుకొనుడు. దారిలో వాగు పొంగుచున్నచో, నీరెంత లోతున్నదని అడుగకుడు. క్రింద బాట ఉన్నదా యని అడుగుడు. తెలియనిచో నిలిచిపొండు. నీరు నేడు కాకున్న రేపు తీయును.