తలుపు వెనక తేదీలు

మా అమ్మ వంటింటి తలుపు వెనక పెన్సిల్‌తో రాసిన తేదీలుంటాయి. గ్యాస్ బండ మార్చిన ప్రతిసారీ ఆ రోజు తారీఖు అక్కడ రాస్తుంది. రంగులు వేయించినప్పుడు కూడా ఆ తలుపు వెనక్కి బ్రష్ పెట్టనివ్వదు. డెలివరీ అబ్బాయి బండ తూకం తక్కువ తెస్తున్నాడేమోనన్న అనుమానంతో మొదలైన అలవాటది. ఎన్నాళ్ళొచ్చిందో చూసుకోవడానికి.

ఆ తేదీల్లో ఒకచోట పెద్ద ఖాళీ ఉంది. 2020 జూలై 9 తర్వాత డిసెంబరు 20. అయిదు నెలల పైన. అప్పుడు ఇంట్లో ఉన్నది అమ్మ ఒక్కతే కాదు, నలుగురం. ఆ ఖాళీకి కారణం నేనే.

నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో టీచర్ని. నాలుగు, అయిదు తరగతులకి పరిసరాల విజ్ఞానం చెప్పేదాన్ని. మా ఆయన ఒక ట్రావెల్స్‌లో డ్రైవరు. 2020 మార్చి మధ్యలో బడులు మూసేశారు. మార్చి జీతం సగమిచ్చారు, ఏప్రిల్ నుంచి అదీ లేదు. ఆయన కారు షెడ్డులోంచి కదలలేదు. మూడు నెలలు అద్దె బాకీ పడ్డాక, జూన్‌లో పాస్ తీసుకుని, చెక్‌పోస్టుల దగ్గర చేతికి స్టాంపులేయించుకుని, కోనసీమలో అమ్మ దగ్గరికి వచ్చిపడ్డాం. నాన్న పోయి అప్పటికి ఆరేళ్ళు. అమ్మకి వచ్చేది వితంతు పింఛను 2250, పెరట్లో పదిహేను కొబ్బరిచెట్ల మీద వచ్చే చిల్లర. దాని మీద మేం ముగ్గురం.

చేతిలో డబ్బు లేనప్పుడు మనిషి ముందు దేన్ని తగ్గిస్తాడో అప్పుడే తెలిసింది. బియ్యం తగ్గించలేదు, రేషన్‌లో వచ్చేవి. పిల్ల పాలు తగ్గించలేదు. ఫోన్‌ రీఛార్జి తగ్గించలేదు, ఉద్యోగం కబురు దాన్లోనే రావాలి కదా. తగ్గించింది గ్యాసు. దానికి ఇంకో దారి ఉంది కాబట్టి. పెరట్లో మట్టి పొయ్యి ఉంది, రాలిపడే కొబ్బరాకులున్నాయి, మట్టలున్నాయి, చిప్పలున్నాయి. డొక్కలు పీచు ఫ్యాక్టరీ వాళ్ళు కొనుక్కుపోతారు గానీ మిగతావి డబ్బు పెట్టి కొనక్కర్లేదు.

"అమ్మా, అన్నం, నీళ్ళు బయట పొయ్యి మీదే కానిచ్చేద్దాం. గ్యాసు టీకీ, చంటిదాని పాలకీ ఉంచుదాం" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే ఎర్రమట్టి తెచ్చి పొయ్యి అలికేసింది. ఊదుగొట్టం అటక మీంచి దించింది.

నేను బడిలో చెప్పే పాఠంలో రెండు బొమ్మలుండేవి. ఒకదాంట్లో పొగ నిండిన వంటిల్లు, దగ్గుతున్న తల్లి. రెండోదాంట్లో గ్యాసు పొయ్యి, నవ్వుతున్న తల్లి. ఏది మంచిదో టిక్కు పెట్టమంటే పిల్లలందరూ సరిగ్గానే పెట్టేవాళ్ళు. ఆ రెండో బొమ్మలో ఎక్కడా బండ ధర ఉండదు.

అమ్మకి గ్యాసు కొత్తేం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం పెట్టి డ్వాక్రా మహిళలకి కనెక్షన్లిచ్చారు. మా వీధిలో తొలిసారి తీసుకున్నవాళ్ళలో అమ్మ ఒకర్తి. బండకి పసుపు కుంకుమ పెట్టి మరీ వెలిగించింది. అప్పట్నుంచీ పండక్కీ పబ్బానికీ, చుట్టాలొచ్చినప్పుడూ గ్యాసు. మామూలు రోజుల్లో సగం గ్యాసు, సగం కట్టెలు. నాన్న పోయి ఒక్కతే అయ్యాక పొయ్యి దాదాపు ఆపేసింది. నేనొచ్చి మళ్ళీ ముట్టించాను.

ఆ ఏడాది ఏప్రిల్ నుంచి పేదింటి ఆడవాళ్ళకి మూడు బండలు ఉచితమని కేంద్రం ప్రకటించింది. డబ్బు ముందే ఖాతాలో వేస్తారన్నారు. నేను అమ్మ పాస్‌బుక్కు పట్టుకుని బ్యాంకుకి వెళ్ళాను. ఏమీ పడలేదు. ఏజెన్సీలో అడిగితే, "మీది దీపం కనెక్షనండి. ఫ్రీ అన్నది ఉజ్వల వాళ్ళకి మాత్రమే" అన్నారు. ఉజ్వల వచ్చింది 2016లో. మన రాష్ట్రంలో అంతకుముందే దీపం రావడంతో ఉజ్వల కనెక్షన్లు తక్కువ. అంటే పదిహేడేళ్ళ ముందే పొగ మానెయ్యడానికి ముందుకొచ్చినవాళ్ళు, ముందుకొచ్చినందుకే బయటుండిపోయారు. ఇది ఎవరో కావాలని చేశారని నేననను. కాగితం మీద ఎవరి పేరు ఏ గడిలో ఉందో చూసేవాళ్ళకి ఆ గడి వెనక వంటిల్లు కనపడదు, అంతే.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా అర్థమైంది. అంతకుముందు బండకి వంద, నూటయాభై, ఒక్కోసారి రెండొందల పైన రాయితీ ఖాతాలో పడేది. 2020 మే నుంచి అది దాదాపు సున్నా అయిపోయింది. ఎవరూ ప్రకటన చేసి తీసెయ్యలేదు. లాక్‌డౌన్‌లో ప్రపంచమంతా చమురు, గ్యాసు ధరలు పడిపోయాయి. అసలు ధరే రాయితీ ధర దగ్గరకొచ్చేసింది కాబట్టి ఇవ్వాల్సిందేం లేదన్నారు. లెక్క ప్రకారం సరే. తర్వాత ధర మళ్ళీ ఎక్కింది. రాయితీ మాత్రం తిరిగి రాలేదు. అదే మే నెలలో పెట్రోలు మీద పది రూపాయలు, డీజిలు మీద పదమూడు రూపాయలు సుంకం పెంచారు. ఖజానా కూడా ఖాళీయే అప్పుడు, కాదనను. మందులు, బియ్యం, ఆస్పత్రులు, అన్నిటికీ డబ్బు కావాలి. కానీ ఖజానాకి కష్టమొస్తే సుంకం ఉంది. మా ఇంటికి కష్టమొస్తే ఉన్నది కొబ్బరాకు పొయ్యి.

ఆగస్టులో ఒకరోజు వాలంటీరు కుర్రాడు జ్వరాల సర్వేకి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "ఎవరికైనా జ్వరం, దగ్గు ఉందా పిన్నిగారూ?" అని అడుగుతుండగానే పెరట్లోంచి అమ్మ దగ్గు వినపడింది. ఆగకుండా, ఒంగిపోయి దగ్గే దగ్గు. ఆ అబ్బాయి రెండడుగులు వెనక్కేశాడు. పక్కింటివాళ్ళ కిటికీ టక్కున మూసుకుంది. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి, "పొగ నాయనా, కరోనా కాదు" అంది. ఎవరు నమ్ముతారు? పరీక్ష చేయించాం. లేదనే వచ్చింది. అయినా పదిహేను రోజులు పాలవాడు గిన్నె గేటు దగ్గరే పెట్టమన్నాడు. అప్పుడు నవ్వుకున్నాం గానీ ఆ దగ్గు తగ్గలేదు.

రాత్రిళ్ళు డాబా ఎక్కితే దూరంగా చమురు బావి దగ్గర మంట కనపడేది. కోనసీమలో పెరిగినవాళ్ళకి ఆ మంట చందమామ లాంటిది, పట్టించుకోరు. మా చిన్నది కొత్త కాబట్టి అడిగింది: "అమ్మమ్మా, అక్కడంత గ్యాసు మండుతుంటే మనకెందుకు లేదు?" అమ్మ నావైపు చూసింది, టీచర్ని కదా చెప్పమన్నట్టు. భూమిలోంచి వచ్చేది వేరు, బండలో వచ్చేది వేరని చెప్పాను. ఇక్కడి గ్యాసు ఎక్కువభాగం మీథేను. పైపుల్లో కరెంటు ప్లాంట్లకీ, ఎరువుల ఫ్యాక్టరీలకీ పోతుంది. బండలోది ప్రొపేను, బ్యూటేను. దేశం వాడే దాన్లో సగానికి పైగా ఓడల్లో బయటినుంచి వస్తుంది. అందుకే గల్ఫ్‌లో ధర మారితే మా వంటింట్లో ధర మారుతుంది. నేను చెప్పింది తప్పేం కాదు. కానీ 2014 జూన్‌లో నగరం ఊళ్ళో అలాంటి పైపే పేలి ఇరవై మందికి పైగా చచ్చిపోయిన సంగతి అమ్మకి తెలుసు. తాటిపాక నుంచి కొండపల్లి కరెంటు ప్లాంటుకి వెళ్ళే పైపది. "కాలడానికి మనం, వండుకోడానికి వాళ్ళు" అంది అమ్మ. దానికి పాఠంలో జవాబు లేదు.

అక్టోబరులో మా ఆయన మళ్ళీ బండి ఎక్కాడు, హైదరాబాద్ వెళ్ళిపోయాడు. నేను ఉండిపోయాను. బడివాళ్ళు తక్కువ జీతానికి వేరేవాళ్ళని పెట్టుకున్నారు. ఊళ్ళో పదిమంది పిల్లలకి ట్యూషన్ మొదలుపెట్టాను.

2021 ఫిబ్రవరిలో అమ్మని అమలాపురంలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. గొట్టంలోకి ఊదించారు. రెండుసార్లు ఊది మూడోసారి ఊదలేక కూచుండిపోయింది. "పొగ తాగుతారా?" అని అడిగాడు డాక్టరు. అమ్మకి కోపమొచ్చింది. "ఇదెక్కడి మాటండీ, మా ఇంటావంటా లేదు." ఆయన నవ్వి, "సిగరెట్టు కాదమ్మా. కట్టెల పొయ్యి దగ్గర ఎన్నేళ్ళు వండారు?" అన్నాడు. అమ్మ లెక్కపెట్టడం మొదలెట్టింది. పదమూడో ఏట నుంచీ.

సీఓపీడీ అని రాశాడు. ఇన్నేళ్ళ పొగ ఇది, ఈ ఆర్నెల్లలో వచ్చింది కాదన్నాడు. నేను మరీ ఇదైపోవడం చూసి అన్నాడనుకుంటా. "కానీ ఇప్పుడు మళ్ళీ మొదలెట్టకుండా ఉండాల్సింది" అని కూడా అన్నాడు. ఇంట్లో వంట పొగవల్ల ప్రపంచంలో ఏటా లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ సంగతి నాకు ముందే తెలుసు, పిల్లలకి చెప్పేదాన్ని కూడా.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా లెక్క నేను వేసుకున్నాను. అంతా గ్యాసు మీదే వండితే నలుగురికి బండ నలభై రోజులొచ్చేది. అయిదు నెలల్లో మూడు బండలు మిగిల్చాను. నెలకి దాదాపు నాలుగొందలు. డాక్టరు రాసిన ఇన్‌హేలరు కూడా నెలకి నాలుగొందలే.

గ్యాసు కాకపోతే కరెంటు అనుకుని ట్యూషన్ డబ్బుతో ఇండక్షన్ పొయ్యి కొన్నాను. అమ్మ అల్యూమినియం గిన్నెలు ఒక్కటీ దానిమీద పనిచెయ్యలేదు. రెండు స్టీలు గిన్నెలు కొన్నాం. కొన్నాళ్ళు బాగానే ఉంది, బిల్లు పై శ్లాబులోకి ఎక్కడం తప్ప. 2022 ఏప్రిల్ వచ్చేసరికి బొగ్గు చాల్లేదన్నారు, పరిశ్రమలకి పవర్ హాలిడే ఇచ్చారు, మా ఊళ్ళో ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో తెలియని కరెంటు. అన్నం సగం ఉడికాక పోతే ఏం చేస్తారు? గిన్నె తీసుకెళ్ళి పెరట్లో పొయ్యి మీద పెడతారు. ఆ గిన్నెల అడుగు ఇప్పటికీ నల్లగానే ఉంది.

అదే మేలో ఢిల్లీలో బండ వెయ్యి దాటింది. మరుసటి ఏడు మార్చికి 1103. మధ్యలో ఉజ్వల వాళ్ళకి రెండొందలు రాయితీ ఇచ్చారు. మళ్ళీ ఉజ్వల వాళ్ళకే. నేనిప్పుడు పాస్‌బుక్కు పట్టుకుని వెళ్ళడం మానేశాను.

పొగ మానిపించాలన్న ఆలోచన తప్పని ఎవరంటారు? 2019 సెప్టెంబరుకి ఎనిమిది కోట్ల కనెక్షన్లిచ్చారంటే చిన్న పనా? కాకపోతే అదే ఏడు కాగ్ నివేదిక ఒక మాట చెప్పింది. ఆ కనెక్షన్లున్న ఇళ్ళు సగటున ఏడాదికి వాడేది మూడు బండలు, కొంచెం పైన. కనెక్షన్ ఒక్కసారి ఇస్తే ఫొటో తీసుకోవచ్చు. మళ్ళీ మళ్ళీ నింపుకోవడానికి ఫొటో ఉండదు. చేతిలో డబ్బు ఆడుతున్నంతకాలం ఆ తేడా కనపడలేదు. డబ్బు ఆగేసరికి రాయితీ కూడా అప్పుడే ఆగింది. ఏ ఏడాది అది ఎక్కువ కావాలో ఆ ఏడాదే లేకుండా పోయింది. బండ వాడకం ఎంత తగ్గిందో కంపెనీల దగ్గర లెక్క ఉంటుంది. తగ్గినచోట ఏం మండిందో, ఎవరు ఊదారో రాసేవాళ్ళు లేరు. మా ఇంట్లో తలుపు వెనక రాసుంది కాబట్టి నాకు తెలుసు.

ఆ జూన్‌లో నేను హైదరాబాద్ తిరిగొచ్చేశాను, వేరే బడి. 2024 నవంబరు నుంచి మన రాష్ట్రంలో ఏడాదికి మూడు బండలు ఉచితమన్నారు. ఈసారి దీపం పేరు మీదే. ముందు మనం డబ్బు కట్టాలన్నారు, తర్వాత ఖాతాలో పడుతుందన్నారు. ముందు కట్టడానికి పక్కింటి పిన్ని అప్పు అడుగుతుందట, పడ్డాక తీర్చేస్తుందట. అమ్మకి మాత్రం నేనే పంపిస్తాను.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు తలుపు వెనక చూశాను. నాలుగేసి నెలలకి ఒక తారీఖు, కొలిచినట్టు. ఉచితం ఎన్నాళ్ళకొకటి వస్తుందో బండ కూడా సరిగ్గా అన్నాళ్ళే వస్తోంది. పెరట్లోకి వెళ్ళి పొయ్యి మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. పక్కనే చీపురుకి ఈనెలు తీసేసిన కొబ్బరాకు కట్టలు పేర్చి ఉన్నాయి.

"నీళ్ళకేనే. నీళ్ళకి ఎవరైనా గ్యాసు తగలేస్తారా?" అంది నేనేమీ అడక్కముందే. కిటికీలో ఇన్‌హేలరు ఉంది. తీసి ఊపి చూశాను, సగం పైనే ఉంది. అదీ పొదుపుగానే వాడుతోందన్నమాట.

మధ్యాహ్నం బండ వచ్చింది. నేనే బిగించాను. తారీఖు రాయబోతే పెన్సిల్ చేతికందనంత అరిగిపోయి ఉంది. సాయంత్రం సంతకి వెళ్తే ఇంకోటి తెమ్మంది.