మాళేగావ్ జాతరలో గుర్రాల పరీక్ష

నాందేడు అనగానే మనవారికి మొదట గోదావరి స్నానం, ఆ తరువాత సచ్‌ఖండ్ గురుద్వారం జ్ఞాపకం వస్తాయి. ఈ ఊరికి గుర్రంతో వున్న చుట్టరికం అంతగా ఎవరికీ తోచదు. 1708లో గురు గోవింద్ సింగ్ ఇక్కడే దేహం చాలించారు. ఆయన గుర్రం దిల్‌బాగ్ సంతతి అని చెప్పే గుర్రాలను గురుద్వారంవారు నేటికీ పోషిస్తున్నారు. హోలా మొహల్లా పండుగనాడు వాటిని అలంకరించి వూరేగింపులో నడిపిస్తారు. గురువుగారి గుర్రం మీద ఎవరూ ఎక్కరు. దానికి దణ్ణం పెట్టేవారే గాని, నోరు తెరిచి పళ్ళు చూసేవారు వుండరు. పళ్ళు చూసి బేరమాడే గుర్రాలు కావాలంటే మాళేగావ్ జాతరకు పోవలసిందే.

నాందేడు నుంచి లాతూరు పోయే రోడ్డు మీద లోహా దాటిన తరువాత మాళేగావ్ వస్తుంది. మార్గశిర అమావాస్య దగ్గర పడేసరికి ఆ చిన్న వూరు ఒక మహానగరమై కూర్చుంటుంది. అక్కడి దేవుడు ఖండోబా. ఆయన మనకు పరాయివాడు కాడు. కొమురవెల్లిలోను, ఐనవోలులోను మనం కొలిచే మల్లన్నే ఆయన. మన మల్లన్నకు మేడలమ్మ, కేతమ్మ ఇద్దరు దేవేరులైతే, ఖండోబాకు మాళస, బాణాయి. ఇక్కడా పసుపే ప్రసాదం. "యేళకోట్ యేళకోట్ జై మల్హార్" అంటూ గుప్పిళ్ళతో చల్లుకుంటే మనిషీ, గుర్రమూ, దారీ అంతా పచ్చనైపోతాయి. ఖండోబా వాహనం గుర్రం గనుక, ఆయన జాతరలో గుర్రాల సంత సాగడం సహజమే. ఎడ్లు, గాడిదలు, ఒంటెలు, కుక్కలు కూడా అమ్మకానికి వస్తాయి. కుస్తీలు, లావణి పాటలు వుండనే వున్నాయి. కాని జాతరకు పేరు తెచ్చింది గుర్రాలే.

మార్వాడు నుంచి వచ్చిన గుర్రాన్ని చెవులు చూసి పోల్చుకోవచ్చు. అవి లోపలికి వంగి, కొసలు ఒకదానినొకటి తాకుతూ వుంటాయి. కాఠియావాడ్ గుర్రాలదీ ఇంచుమించు అదే పోలిక. భీమా నది ఒడ్డున పుట్టిన భీమథడీ జాతి పొట్టిది, మొండిది. ఒకప్పుడు మరాఠా దండ్లను మోసింది. జట్కాలు, టాంగాలు పోయిన ఈ రోజుల్లో గుర్రాన్ని ఎవరు కొంటారని సందేహం రావచ్చు. గొర్రెల మందల వెంట సామాను మోయించే ధన్‌గర్లు కొంటారు. పెళ్ళి వూరేగింపులకు అద్దెకు ఇచ్చేవారు కొంటారు. స్వారీ సరదా వున్న పెద్ద రైతులు కొంటారు. వీరిలో చాలామందికి ఒక పంట డబ్బు ఆ ఒక్క బేరంలో పోతుంది. కనుక ఆ పరీక్ష వినోదం కాదు, ఇంటి సంగతి.

బిలోలి వైపు నుంచి వచ్చిన ఒక మామా అల్లుళ్ళ మాటలు అక్కడ నా చెవిన పడ్డాయి. 

"మామా, జూలు జూడు, ఎంత మంచిగున్నది!" అన్నాడు కుర్రవాడు. 

"జూలు ఉరుకుతదా అల్లుడా? ముందు కాలెత్తి జూపియ్యమను" అన్నాడు పెద్దాయన.

ఆ పెద్దాయన పద్ధతి శాస్త్రానికి దగ్గరగా వుంది. గుర్రం తన బరువులో సగానికి మించి ముందుకాళ్ళ మీదే మోస్తుంది. అందుచేత ముందు డెక్క ఎత్తి, చీలికలు వున్నవేమో, లాడం సమంగా అరిగిందో లేదో చూస్తారు. ఒక పక్కే అరిగితే నడకలో వంకర వున్నదన్నమాట. ఆ తరువాత మోకాలి కింది నరాన్ని వేళ్ళతో తడుముతారు. అక్కడ వేడిగాని, వాపుగాని తగిలితే బేరం అక్కడితో ఆగుతుంది.

వయస్సుకు పళ్ళు సాక్ష్యం. సుమారు రెండున్నర ఏళ్ళకు నడిమి పాలపళ్ళు రాలి గట్టి పళ్ళు వస్తాయి. మూడున్నరకు వాటి పక్కవి, నాలుగున్నరకు చివరివి. అయిదేళ్ళకు నోరు నిండినట్టు. తరువాత కింది పళ్ళ మీది గుంటలు ఆరు, ఏడు, ఎనిమిది ఏళ్ళలో వరుసగా అరిగిపోతాయి. పదేళ్ళు రాగానే పై దవడ చివరి పంటి మీద ఒక గాడి తలెత్తుతుంది. ఇరవై ఏళ్ళకు పన్ను పొడుగునా దిగుతుంది. ఇంత పక్కా లెక్క వున్నచోట మోసమూ వుంటుంది. ముసలి గుర్రం పంటిలో గుంట తొలిచి, కాల్చి నల్లచేసి, పడుచు గుర్రమని అమ్మే విద్య ప్రపంచమంతటా వున్నదే.

పిమ్మట నడక. మార్వాడీ గుర్రం రేవాల్ నడకలో పోతుంటే రౌతు వీపు కదలదు. ఆ నడక చూపించడానికి మనుషుల్ని పక్కకు తోసి దారి చేస్తారు. తెలిసినవాళ్ళు మాత్రం ఆ హడావిడి అయ్యేదాకా ఆగి, గుర్రాన్ని రౌతు లేకుండా, గట్టి నేల మీద, మెల్లగా నడిపించమంటారు. కుంటు దాగేది వేగంలోనే.

చివరిది సుళ్ళ శాస్త్రం. మెడ కింద దేవమణి వుంటే ధర పెరుగుతుంది. పాము సుడి వున్నదంటే ఎంత చక్కని గుర్రమైనా కొనేవాడు వెనక్కు తగ్గుతాడు. నాలుగు కాళ్ళూ, ముఖమూ తెల్లనైన పంచకల్యాణికి మన కథల్లోనూ గౌరవమే. మన భాషలో మనుమంచి భట్టు హయలక్షణ విలాసమని ఒక గ్రంథమే రాశాడు. సంస్కృతంలో ఈ విద్యకు ఆదిపురుషుడు శాలిహోత్రుడు. ఆయన పేరే మారి మారి, హిందుస్తానీలో గుర్రాల వైద్యుడికి సాలోత్రి అనే మాట అయింది. సుడికీ పరుగుకూ సంబంధం వున్నదని రుజువు లేదు. సంతలో మాత్రం సుడికి ధర వున్నది. అమ్మేనాడు ఎదుటివాడు సుడి చూస్తాడు గనుక, కొనేనాడు మనమూ చూడక తప్పదు.

ఈ సుళ్ళ మాట వచ్చినప్పుడు నలుడు గుర్తుకు వస్తాడు. బాహుకుడనే పేరుతో అయోధ్యలో దాగి వున్న నలుడు, ఋతుపర్ణుణ్ణి ఒక్క రోజులో విదర్భకు చేర్చవలసి వచ్చింది. ఆ విదర్భ మనకు పొరుగే. కుండినపురం నేటి అమరావతి జిల్లాలోని కౌండిణ్యపూర్ అని ప్రతీతి. నలుడు సాలలోకి వెళ్ళి బక్కచిక్కిన గుర్రాలను ఎంచాడు. ఇవా నూరు యోజనాలు పోయేవి అని రాజు చిరాకుపడ్డాడు. నలుడు వాటి లక్షణాలు వివరించి, కావాలంటే మీరే ఎంచండి అన్నాడు. రాజు నోరు మూసుకుని రథమెక్కాడు. కండ వేరు, పరుగు వేరు అని చెప్పడానికి ఇంతకంటె పాత కథ మరొకటి వుండదేమో.

మాళేగావ్‌లో అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ గుర్రం మంచిదా, కాదా? పందెపు మైదానంలో ప్రశ్న మారుతుంది: ఈ నేల మీద, ఈ దూరానికి, ఈ బరువుతో, ఈ తోటి గుర్రాల మధ్య ఇవాళ ఇది ఎంతవరకు నెగ్గుతుంది? ఒకప్పుడు మనమంతా హైదరాబాదు రాజ్యంలో వున్నవాళ్ళమే గనుక, ఆరవ నిజాం కాలం నాటి మలక్‌పేట పందేల మాట మన పాత కుటుంబాలలో చాలామంది పెద్దల నోట వినివుంటారు. అక్కడివి బయలు పరుగులు. ఈ ప్రశ్న అన్నిటికంటె కఠినమయ్యేది కంచెలు దూకే పందెంలో. 1752లో ఐర్లండులో ఇద్దరు పెద్దమనుషులు బట్టవెంట్ చర్చి గోపురం నుంచి డోనరైల్ గోపురం దాకా, అడ్డమొచ్చిన గోడలూ వాగులూ దూకుతూ పందెం వేసుకున్నారని చెబుతారు. గోపురాల మధ్య పరుగు గనుక దానికి స్టీపుల్‌చేజ్ అని పేరు వచ్చింది.

ఈ పందెంలో గుర్రాన్ని తూచేవారు ముందు వేగం చూడరు, దూకడం చూస్తారు. పడిపోయిన గుర్రానికి వేగం ఎంత వున్నా సున్న. గుర్రానికి ముక్కు ముందు కొంత జాగా కనబడదు. కంచె దగ్గరకు రాగానే అది గుర్తు మీద, రౌతు మీద ఆధారపడి లేస్తుంది. దిగేటప్పుడు భారమంతా ముందుకాళ్ళ మీద పడుతుంది. అందుకే ఇదివరకు ఎన్నిసార్లు పడింది, అలసిన తరువాత ఎట్లా దూకింది అన్నది మొదటి లెక్క. రెండోది నేల. వానకు మెత్తబడిన నేల మీద నెగ్గే గుర్రం, గట్టినేల మీద వెనకబడవచ్చు. మూడోది దూరం, ఈ పందేలు రెండు మైళ్ళ నుంచి నాలుగు మైళ్ళ పైదాకా వుంటాయి. నాలుగోది బరువు. మేలైన గుర్రానికి ఎక్కువ బరువు వేసి అందరినీ సమం చేయడమే హాండికాప్ అనే ఏర్పాటు ఉద్దేశం. అయిదోది జాకీ చేయి.

ఇన్ని లెక్కలూ తప్పే ఘట్టాలు వున్నాయి. ఇంగ్లండులో ఎయిన్‌ట్రీ మైదానపు గ్రాండ్ నేషనల్‌లో ముప్ఫై కంచెలు. రెడ్ రమ్ అనే గుర్రానికి డెక్కలోని ఎముకకు జబ్బు. మాళేగావ్ పెద్దాయన కాలెత్తి చూస్తే వద్దనేవాడే. దాని శిక్షకుడు సముద్రపు ఇసుక మీదా, నీటిలోనూ పరుగెత్తించి దాన్ని నిలబెట్టాడు. అది 1973, 1974, 1977 సంవత్సరాలలో మూడుసార్లు గెలిచి, నడిమి రెండేళ్ళూ రెండోదిగా వచ్చింది. 1967లో మరొక వింత. రౌతు పడిపోయిన ఒక గుర్రం ఇరవైమూడో కంచె ముందు అడ్డం తిరిగింది. వెనక వచ్చినవన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎంతో వెనకపడి వస్తున్న ఫోయినవాన్ సందు చూసుకుని దూకి గెలిచింది. దాని మీద ధర ఒకటికి నూరు. ఈ పందెంలో గుర్రాలు చచ్చిపోవడమూ వున్నది. ఆ విమర్శ పెరగడంతో 2024 నుంచి దిగే గుర్రాల సంఖ్యను 40 నుంచి 34కు తగ్గించారు.

గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యానికి సంబంధించినదే, కేవలం అదృష్టం కాదని మన సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. దీన్ని చూసి కొందరు, నైపుణ్యం వుంటే డబ్బు వస్తుందనుకుంటారు. అక్కడే లెక్క చూసుకోవాలి. నాలుగు సమానమైన గుర్రాలు పరుగెత్తుతున్నాయనుకోండి. ఒక్కొక్కదానికి గెలుపు నాలుగింట ఒక వంతు. న్యాయంగా రూపాయికి మూడు రూపాయల లాభం ఇవ్వాలి. బుకీ రెండే ఇస్తాడు. నాలుగింటి మీదా వంద చొప్పున నాలుగు వందలు కట్టినా, గెలిచినదాని మీద మీ వందతో కలిపి చేతికి వచ్చేది మూడు వందలే. ఏ గుర్రం గెలిచినా నాలుగో వంద అతనిదే. అలాగే, సగానికి సగం గెలవగల గుర్రానికి రూపాయికి అర్ధరూపాయి లాభం ఇస్తుంటే, గుర్రం మంచిదే, బేరం చెడ్డది. గుర్రాన్ని ఎరిగినవాడు ధరను ఎరగకపోతే బాగుపడడు.

నలుడి కథలో మిగిలిన సగం ఇదే చెబుతుంది. దారిలో ఋతుపర్ణుడు ఒక తాండ్ర చెట్టును చూసి దాని ఆకులూ కాయలూ ఇన్ని అని చెప్పాడు. నలుడు దిగి లెక్కపెడితే సరిపోయింది. అప్పుడు ఒకరి అశ్వహృదయం, మరొకరి అక్షహృదయం మార్చుకున్నారు. రాజ్యం పోగొట్టుకున్ననాడు నలుడికి గుర్రాల విద్య లేక కాదు, పాచికల లెక్క తెలియక.

మనవారు ఈ మార్గశిరంలో మాళేగావ్ వెళితే, పిల్లలను తప్పక వెంట తీసుకుపొండి. పొద్దున్నే చేరాలి; ఎండ ఎక్కిన తరువాత జనంలో గుర్రం కాళ్ళు కనబడవు. మల్లన్నకు పసుపు చల్లి, సంతలోకి దిగి, బేరం జరిగే చోట కాసేపు నిలబడండి. గుర్రం వెనక మాత్రం నిలబడవద్దు. కొనకపోయినా, చూడడం ఎట్లాగో పిల్లలకు అక్కడ తెలుస్తుంది.