చేతికందిన కిరీటం వద్దన్నవాడి కథ



చెన్నైలో పుట్టి పెరిగిన మా తరం తెలుగువాళ్లం చారిత్రక నవలలు రెండు భాషల్లో చదువుకున్నాం. ఇంట్లో అడివి బాపిరాజు గారి ‘గోన గన్నారెడ్డి’ ఉండేది. 1950 నుంచి వారంవారం వచ్చిన కల్కి ‘పొన్నియిన్ సెల్వన్’ని కత్తిరించి, బైండు చేయించి దాచుకున్న ఇరుగుపొరుగు ఉండేవాళ్లు. అడిగితే ఇచ్చేవాళ్లు.

కత్తియుద్ధాలు, మారువేషాలు రెండింట్లోనూ బోలెడు. కానీ అన్నం చల్లారిపోతున్నా పుస్తకం మూయనివ్వనిది అది కాదు. ‘ఇప్పుడు ఇతను ఏం చేస్తాడు?’ అన్న ప్రశ్న.

అరుళ్మొళివర్మనే చూడండి. అన్న చనిపోయాడు, తండ్రికి ఒంట్లో బాగాలేదు, ప్రజలు తననే రాజు కమ్మంటున్నారు. అడ్డేమీ లేదు. అయినా పినతండ్రి వరసైన ఉత్తమచోళుడికి కిరీటం పెడతాడు. ఇది కల్కి ఊహ మాత్రమే కాదు. పినతండ్రికి రాజ్యం మీద కోరిక ఉన్నంతకాలం తను మనసులో కూడా కోరుకోలేదని తిరువాలంగాడు తామ్రశాసనం చెబుతోంది. ఉత్తమచోళుడి తర్వాతే, 985లో, అతను రాజరాజచోళుడయ్యాడు.

గన్నారెడ్డిది ఇంకో దారి. రుద్రమదేవికి అండగా ఉంటూనే లోకం చేత గజదొంగ అనిపించుకున్నాడు. ఒకరు సింహాసనం వదులుకున్నారు, ఒకరు మంచిపేరు వదులుకున్నారు. విలువలున్న కథానాయకుడంటే నీతులు చెప్పేవాడు కాదు, ఆ విలువ కోసం చేతిలోది పోగొట్టుకునేవాడు అని మాకు అర్థమైంది ఈ ఇద్దరి వల్లే.

2022లో ‘పొన్నియిన్ సెల్వన్’ సినిమా వచ్చినప్పుడు మా పిల్లలు అడిగారు, “ఇది వాళ్ల కథా, మన కథా?” అని. రాజరాజచోళుడి కూతురు కుందవ్వను పెళ్లాడింది వేంగి చాళుక్య విమలాదిత్యుడు. వాళ్ల కొడుకే రాజరాజనరేంద్రుడు, నన్నయ గారి చేత భారతం తెలుగు చేయించిన రాజు. కిరీటం వద్దన్న ఆ తాతకు మనవడు! ఇక వాళ్లూ మనమూ అని గీత ఎక్కడ గీస్తాం?

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. నవల చరిత్ర కాదు. నందిని కల్కి సృష్టించిన పాత్ర. ఏది శాసనంలో ఉందో, ఏది రచయిత కల్పించాడో పిల్లలకు విడమరిచి చెప్పాలి. అలా చెప్పినా కథలో రుచి తగ్గదు, పైగా పెరుగుతుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? మన సంఘాల సంగతి మీకు తెలియనిది కాదు. అధ్యక్ష పదవి దగ్గర మాటామాటా పెరిగి, సంఘం రెండుగా చీలి, ఒకే ఊళ్లో రెండు ఉగాదులు జరుపుకున్నవాళ్లం మనం. పిల్లలు మన ఉపన్యాసాలు వింటారో లేదో గానీ మన కుర్చీల తగాదాలు మాత్రం తప్పకుండా చూస్తారు. వాళ్లకు తెలుగు ఎందుకు నేర్చుకోవాలో చెప్పే ముందు, ఆ భాషలో మనం ఎలా బతుకుతున్నామో చూపించాలి కదా.

మా మనవి ఒక్కటే. ఆదివారం తెలుగు తరగతిలో అక్షరాలయ్యాక ఒక పావుగంట ‘గోన గన్నారెడ్డి’ పైకి చదివి వినిపిద్దాం. తెలుగు చదవడం రాని పిల్లలకైనా వినడం వచ్చు. పక్కనే పెద్దలమూ కూర్చుని విందాం. వచ్చే సర్వసభ్య సమావేశం లోపు కొన్ని అధ్యాయాలైనా పూర్తయితే మనకే మంచిది.

మీ ఇంట్లో పాత ప్రతి ఉంటే చెప్పండి, వచ్చి తీసుకెళ్తాం. భద్రంగా తిరిగి ఇస్తాం.