గంట మ్రోగిన నీరు వచ్చునా?

నేను తొమ్మిదవ తరగతికి విజ్ఞానశాస్త్రమును బోధించువాడను. గడచిన వేసవియందు నా విద్యార్థులును, ఒక అవ్వయు నాకు నేర్పిన పాఠమును చదువరులకు విన్నవించుచున్నాను.

రాబోవు తరములవారి అవసరములకు భంగము కలుగకుండ నేటి అవసరములను తీర్చుకొనుటయే సుస్థిరాభివృద్ధి యని 1987వ సంవత్సరమున బ్రంట్లాండ్ సంఘము నిర్వచించినది. దీనిని పెక్కేండ్లు నల్లబల్లపై వ్రాసితిని. పిల్లలు కంఠస్థము చేసిరి, మార్కులు వచ్చినవి, అంతకుమించి యేమియు జరుగలేదు.

ఈ యేడు మా బావి యెండినది. నీటిని కాపాడు సాధనము నొకదానిని కల్పింపుడని తరగతికి చెప్పితిని. ఒక జట్టు, తొట్టి నిండగనే గంట మ్రోగు విద్యుత్పరికరమును చేసెను. నేను సంతసించి పూర్తి మార్కులు వేసితిని. వీధి బోరింగునుండి మాకు నీరు మోయు అవ్వ దానిని చూచి, "అయ్యా, గంట మ్రోగిన నీరు వచ్చునా?" అనెను. పిల్లలు నవ్విరి, నేను నవ్వలేకపోతిని. ఆమె కష్టమేమో మాలో నొక్కరును అడిగియుండలేదు.

డిజైన్ థింకింగ్ అను పద్ధతికి మొదటి మెట్టు, వాడుకొనువారి మాట వినుట. పిమ్మట సమస్యను నిర్ణయించుట, ఉపాయముల నాలోచించుట, నమూనా చేయుట, పరీక్షించుట. మేము మొదటి మెట్టును విడిచి నాల్గవదాని కెగబ్రాకితిమి.

మరునాడు పిల్లలు, "అవ్వా, మేమును బిందె మోసెదము" అని ఆమె వెంట నడచిరి. త్రోవలో ఆమె, "వాన కురిసిన కప్పుమీది నీరంతయు వీధి పాలగును, పట్టుదమన్న మొదటి నీరు మురికి" అని చెప్పెను. సమస్య దొరికినది.

ఒక చదరపు మీటరు కప్పుపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు నీరగును. మా తరగతి కప్పు 60 చదరపు మీటర్లు. 10 మిల్లీమీటర్ల వానకు 600 లీటర్లు. అయిదవ వంతు నష్టమైనను 480 మిగులును. మొదటి మురికినీరు ఒక నిలువు గొట్టములో చేరును. అది నిండగనే తేలుబంతి దాని మూతిని మూయును. తరువాతి నీరు తొట్టికి పోవును. మొదటి బంతి బరువెక్కువై మునిగెను; రెండవది తేలెను.

ఆ నీటిని త్రాగుటకు గాక, చేతులు కడుగుటకును మొక్కలకును వాడుచున్నాము. వానలున్నన్నాళ్ళు అవ్వకు దినమునకు నాలుగు బిందెలు తగ్గినవి. గంట చేసిన జట్టుకు మార్కులు తగ్గింపలేదు, తప్పు నాది.

ఈ యేటి పరీక్షలో నా మొదటి ప్రశ్న యిది: మీ యింట నీరు మోయువా రెవరు? వారి నడిగి వ్రాయుడు.