ఆటవస్తువుల యంగడిలో ఒక మధ్యాహ్నము

మా యన్నగారి కుమార్తెకు పదునొకండవ యేడు. ఈ సంవత్సరము బడిలో బాలికల ఫుట్‌బాల్ జట్టున చేరినది. బూట్లు, పొడుగు మేజోళ్లు, ముంగాలి యెముకకు దెబ్బ తగులకుండ కట్టుకొను షిన్‌గార్డులు తప్పక కొనవలెనని బడినుండి చీటీ వచ్చినది. వదినగారి కిది యేమాత్రమును సమ్మతము కాదు. "ఆడపిల్ల కాలు విరిగినచో రేపు దిక్కెవ్వరు?" అని వారము దినములు వాదించిరి. అన్నగారు చీటీపై సంతకము చేసి, పనిమీద పొరుగూరికి పోయిరి గనుక ఆ భారము మాపై బడినది. వదినగారును మాతో బయలుదేరిరి. కొనుటకు గాదు, మమ్ము కొననీయకుండుటకే యని మా యనుమానము.

హైదరాబాదులో రాయదుర్గము వఱకు మెట్రోరైలులో పోయి, అచటినుండి ఆటోలో ఆ యంగడిని చేరితిమి. సోదరీమణులారా, దానిని అంగడి యనుటకంటె ధాన్యపు గిడ్డంగి యనుట తగును. చీరల దుకాణమునందు వలె "రండమ్మా, కూర్చుండుడు" అని పిలుచువారు లేరు. పఱచిన పరుపు లేదు. బేరము మొదలే లేదు. తాటియెత్తు ఇనుప అరలు వరుసలు వరుసలుగా నిలిచియున్నవి. ఈతకొక వరుస, కొండలెక్కుట కొక వరుస. నడుమ దారిలో పిల్లలు అమ్మకపు సైకిళ్లెక్కి త్రొక్కుచున్నను అడ్డు చెప్పువారు లేరు. వదినగారు మాత్రము ప్రతి వెలచీటీని త్రిప్పి చదువుచు నిట్టూర్చుచుండిరి.

బంతులలోనే ఇన్ని కొలతలుండునని మే మెఱుగము. పెద్దల యాటకు ఐదవ సంఖ్య బంతి: చుట్టుకొలత 68 మొదలు 70 సెంటీమీటర్లు, బరువు 410 మొదలు 450 గ్రాములు. మా పిల్ల యీడువారికి అంతకంటె చిన్నదగు నాల్గవ సంఖ్య. బూట్ల సంగతి యింకను చిక్కు. అడుగున బొడిపెలు పొడుగుగా నున్నవి పచ్చికనేలకట. గట్టి మట్టిపై అవి దిగబడక పాదమును నొప్పించును. మన బడుల మైదానములు పెక్కు మట్టినేలలే గనుక, పొట్టి రబ్బరు బొడిపెలవి మేలని అచటి యువకుడు చెప్పెను. మంచి మాటయే. కాని "బాలికల బూట్లేవి?" యని యడుగగా అతడు బాలుర వరుసనే చూపెను. బాలికల యరలలో పరుగుజోళ్లు గులాబిరంగున కన్నులపండువుగా నున్నవి గాని, ఫుట్‌బాల్ బూటు ఒక్కటియు లేదు. నిజామాబాదు జిల్లా బిడ్డ గుగులోత్ సౌమ్య భారతదేశపు జట్టులో ఆడిన యీ కాలమున నిది మాకు మిక్కిలి కష్టముగా దోచినది.

వదినగారికి సందు దొరకెను. "వెనుకటివారు జోళ్లు లేకయే ఆడలేదా?" అనిరి. నోరూరకుండక, 1948 లండన్ ఒలింపిక్సులో మనవారు పెక్కురు వట్టికాళ్లతోనే ఆడిరని మేమే యంటిమి. "చూచితివా!" అని వారు లేవబోయిరి. ఈ హైదరాబాదు రహీముగారు శిక్షణ నిచ్చిన జట్టు 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచినదని చెప్పి సరిదిద్దబోతిమి గాని, వారు వినలేదు.

అంతలో యువకుడు, బూటు తొడిగి చూచుటకు మేజోడు మార్చుమనెను. పిల్ల తటపటాయించినది. మేమే తీసితిమి. మడమపై రూపాయి బిళ్లంత బొబ్బ చిట్లి, చుట్టును ఎఱ్ఱగా నున్నది. బొటనవ్రేలి గోరు నల్లబడినది. నెల దినములనుండి స్నేహితురాలి యన్న పాత బూట్లు ఎరువు తెచ్చుకొని ఆడుచున్నదట.

"నాతో ఏల చెప్పలేదే?"

"చెప్పిన మానిపింతువని, అమ్మా."

వదినగారు మాటాడలేదు. నేలపై చదికిలబడి, బిడ్డ పాదమును ఒడిలో బెట్టుకొని, మేజోడు తామే మెల్లగా తొడిగిరి. బూటు ముందుభాగమున బొటనవ్రేలితో నొక్కి, మడమవెనుక వ్రేలు దూర్చి, "ఇది బిగువు, ఇంకొకటి తెండు నాయనా" అనిరి. ఆఱు జతలు తెప్పించిరి. పిల్లను వరుస చివరివఱకు రెండుమారులు పరుగెత్తించిరి. తుద కెన్నుకొన్నది మేము చూచినదానికంటె నాలుగువందలు హెచ్చు.

వస్తువులను ఒక తొట్టిలో వేయగానే లెక్క తెరపై కనబడినది. అది సరియో కాదో యని వదినగారు వ్రేళ్లపై మఱల కూడి చూచుకొనిరి, సరిపోయినది.

తిరుగురైలులో పిల్ల పెట్టె నొడిలో బెట్టుకొని నిదురపోయినది. అమీర్‌పేట దాటిన పిదప వదినగారు దానిని తట్టి లేపి, "శనివారము ఆట యెన్ని గంటలకే?" అని యడిగిరి.