అయిదంగుళాల గొప్ప... కటికి దారిలో దిగింది!

పాత జీపు ఎత్తు పెంచితే ఏ కొండదారైనా మనదే అనుకున్నాం. ఎక్కడమైతే ఎక్కాం. దిగేటప్పుడే తెలిసొచ్చింది అసలు సంగతి!

ఎడమ చక్రం గుంతలోకి దిగింది. కుడి చక్రం బండరాయి మీదుంది. వెనక కూర్చున్న అమ్మ పక్క కమ్మీని పట్టుకుని వేలాడినంత పనైంది. 'ఒరేయ్, ఆపరా!' అన్న కేక పూర్తికాకముందే తమ్ముడి చేతుల్లోని స్టీరింగ్ తనంతట తానే పక్కకి లాగేసింది. ఓ క్షణం జీపు రెండు చక్రాల మీదే నిలబడింది. దబ్బున మళ్లీ నాలుగూ నేలకు తగిలేదాకా ఎవరం ఊపిరి పీల్చలేదు.

ఇది బొర్రా గుహల దగ్గర్నుంచి కటికి జలపాతానికి వెళ్లే దారి. ఉన్నది కొద్ది కిలోమీటర్లే. కానీ దాన్ని దారి అనడం కంటే రాళ్ల వాగు అనడమే న్యాయం. పర్యాటకుల్ని స్థానిక జీపులు తీసుకెళ్తాయి. మనకు సొంత జీపుండగా అద్దె జీపెందుకన్నది తమ్ముడి పౌరుషం.

ఆ జీపు నాన్నది. 1990ల నాటి మహీంద్రా ఎంఎం 540. నాన్న పోయాక షెడ్డులో మూలుగుతుంటే తమ్ముడు బయటికి తీశాడు. స్నేహితుల బళ్లు చూసి దీని ఎత్తూ పెంచాలన్నాడు. ఈ జీపుల్లో కమాను కట్టలు ఇరుసు కింద ఉంటాయి. ఓ రోడ్డుపక్క షెడ్డులో వాటిని విప్పి, ఇరుసు పైకి మార్పించాడు. అంతే! ఒక్కరోజులో జీపు సుమారు అయిదంగుళాలు లేచింది. వీధి వీధంతా చూసింది. అమ్మ మాత్రం ఎక్కడానికి పీట అడిగింది.

కటికి నుంచి బతికి బయటపడ్డాక, మర్నాడే గాజువాక ఆటోనగర్‌కి వెళ్లాం. అక్కడో పెద్దాయన నలభై ఏళ్లుగా జీపుల పనే చేస్తున్నాడు. బండి కిందికి దూరి, పది నిమిషాల తర్వాత బయటికొచ్చి ఒక్కటే అడిగాడు. 'బాబూ, ఇందులో ఇంట్లోవాళ్లని కూడా ఎక్కిస్తారా?'

తర్వాత ఒక్కొక్కటీ చూపించాడు. ఎత్తు పెరిగింది బాడీకే. ఇరుసు మధ్యలో గుండులా ఉండే డిఫరెన్షియల్ ఎక్కడిది అక్కడే ఉంది. రాయి మొదట తగిలేది దానికే! అది పైకి లేవాలంటే పెద్ద టైర్లు వేయాల్సిందే. టైరు రెండంగుళాలు పెరిగితే అది లేచేది ఒక్క అంగుళమే.

ఇంజిన్ బలాన్ని ఇరుసుకి అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఏటవాలుగా మారింది. దాని క్రాసులు తొందరగా అరిగిపోతాయి. చక్రం గుంతలోకి దిగితే బ్రేకు గొట్టం తాడులా బిగుసుకుంటోంది. తెగితే..? ఇక స్టీరింగ్ రాడ్డు. అదీ వాలిపోయింది. అందుకే చక్రం కిందికీ మీదికీ ఊగినప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే తిరుగుతోంది. ఆరోజు తమ్ముడి చేతుల్లోంచి లాక్కుంది అదే!

అన్నిటికంటే పెద్ద ముప్పు బరువుది. గడ్డి ఎక్కువేసిన ఎడ్లబండి చూశారుగా... నిండేకొద్దీ ఒరుగుతుంది. జీపూ అంతే. ఎత్తు పెరిగింది, వెడల్పు పెరగలేదు. మునుపు ఓర్చుకున్న వాలుకే ఇప్పుడు పల్టీ కొట్టొచ్చు.

చట్టమూ ఒప్పుకోదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చిచెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడే వీలుంది.

'మరేం చేయమంటారు?' అన్నాడు తమ్ముడు నీరుగారిపోయి. పెద్దాయన నవ్వాడు. 'మీ నాన్నగారు కొన్నప్పుడు ఇది ఇంకా ఎత్తుగానే ఉండేది. కమాన్లు ముప్ఫై ఏళ్లు బరువు మోసి చతికిలబడ్డాయి. పోయిన ఎత్తు తిరిగి తెచ్చుకోండి చాలు.'

కమాన్లు మళ్లీ ఇరుసు కిందికి వెళ్లాయి. పట్టీలన్నీ విడదీసి, పోయిన వంపు మళ్లీ తెప్పించి, విరిగిన రెండింటిని మార్చారు. కొత్త బుష్‌లు, కొత్త బ్రేకు గొట్టాలు, అదే సైజులో మంచి టైర్లు... కొలిస్తే దాదాపు రెండంగుళాలు లేచింది!

డిసెంబరులో మళ్లీ బయల్దేరాం. శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు. అనంతగిరి కాఫీ తోటల మీద మంచు ఇంకా విడలేదు. బొర్రా దగ్గర స్థానిక డ్రైవరొకతన్ని దారి చూపించమని పక్కన కూర్చోబెట్టుకున్నాం. 'ఎత్తుతో ఏటుంది సార్! సెక్రం ఏ రాయి మీదెట్టాలో తెలాల. గుంత మధ్యలోకి ఎళ్లకండి, రాయినే ఎక్కించండి' అన్నాడు. లో గేరు, నడక వేగం. అంతే... ఆ మలుపు ఎప్పుడు దాటామో తెలియలేదు.

కొండ మీంచి దూకుతున్న గోస్తనీ నీళ్ల తుంపర్లు, కింద నిప్పుల మీద కాలుతున్న బొంగు చికెన్ వాసన. రాతి మీద కూర్చుని అమ్మ చాలాసేపు జీపునే చూసింది. 'మీ నాన్న నడిపినట్టే ఉందిరా' అంది. తమ్ముడు మాట్లాడలేదు. ఈసారి అమ్మకి పీట అక్కర్లేకపోయింది!

మీరూ వెళ్లాలంటే...

* విశాఖపట్నం నుంచి బొర్రాకి రోడ్డు మార్గంలో సుమారు 90 కిలోమీటర్లు. కిరండూల్ పాసింజర్ ఎక్కితే బొర్రా గుహలు స్టేషన్‌లో దిగొచ్చు.
* వానాకాలంలో రాళ్లు జారతాయి. అక్టోబరు తర్వాతే మేలు.
* సొంత బండి మీద నమ్మకం లేకపోతే స్థానిక జీపే ఎక్కండి. అందులో చిన్నతనమేం లేదు.
* పాత బండైతే బయల్దేరే ముందు కమాను పట్టీలు, షాక్ అబ్జార్బర్లు, బ్రేకు గొట్టాలు చూపించుకోండి.