సెలవు లేని జబ్బు

2024 ఏప్రిల్ 22. కాంగ్రెస్ నామినేషన్ తిరస్కృతమై, మిగతావారంతా తప్పుకొని, సూరత్ లోక్‌సభ ఎన్నిక పోలింగ్ లేకుండానే ముగిసింది. ఆ హడావుడిలోనూ నా సంచిలో ఇన్సులిన్‌కు చోటుండాలి, పదేళ్లుగా అంతే. నాకు ఆలస్యమైతే డెస్కు విసుక్కుంటుంది, జీతం ఆగదు.

లింబాయత్‌లో కలిసిన తెలంగాణ పద్మశాలి పెద్దాయనదీ మధుమేహమే. మరమగ్గంపై పన్నెండు గంటల షిఫ్టు, మీటర్ల లెక్కన కూలి. ఈఎస్‌ఐ కింద అనారోగ్య కాలానికి ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం వేతనం దక్కుతుంది, రిజిస్టరులో పేరుంటే. ఆయన పేరు లేదు. లింబాయత్ నవసారి స్థానం కిందిది కనుక మే 7న ఓటుంది. ఆ రోజు వేతనంతో కూడిన సెలవు చట్టబద్ధం.

"ఆ సెలవేదో దవాఖానకు పోయే నాడు ఇయ్యరాదె, తమ్మీ?" అన్నారాయన. ఓపీ చీటీకి ప్రతిసారీ ఒక షిఫ్టు పోతోంది.